మేడ మీది కంప్యూటరు

ఈ నెల మా ఇంటి గొడవ ఒకటి పాఠక సోదర సోదరీమణుల ముందుంచుతున్నాను. గొడవకు మూలం చిటికెన వేలికంటె సన్నని ఒక తీగ. దానివల్ల మా ఇంట్లో దాదాపు రెండు నెలలు ఒకరితో ఒకరు సరిగా మాట్లాడుకోలేదు. ఒక తండ్రి చేయకూడని పని నేను ఒకటి చేశాను. ఇలాంటి తీగ ఈ రోజుల్లో చాలా ఇళ్లలో ఉంటుంది గనుక జరిగింది జరిగినట్లు చెబుతాను.

మేముండేది తార్నాకలో. ఉస్మానియా విశ్వవిద్యాలయం మాకు నడక దూరం. మా పేట పేరు గురించి ఇక్కడి పెద్దలు ఒక మాట చెబుతుంటారు. ‘తార్’ అంటే తీగ, ‘నాకా’ అంటే కావలి ఉండే చోటు. ఒకప్పుడు ఇక్కడ పెద్ద మామిడితోట ఉండేదట. విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు దాని చుట్టూ ముళ్లతీగ కట్టి కావలి పెట్టారట. అదే తార్నాక అయిందంటారు. తీగ పేరు పెట్టుకున్న పేటలో ఇన్నేళ్లు కాపురముండి కూడా, మా ఇంట్లోని తీగ వైపు నేను ఒక్కసారైనా చూడలేదు.

మా పెద్దమ్మాయి ఉస్మానియాలో చరిత్ర శాఖలో పరిశోధన చేస్తోంది. ఆమె విషయం దారుల్ తర్జుమా. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను బోధించింది. అందుకు కావలసిన పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చేందుకు దాని కంటె ముందే, 1917లో, ఈ అనువాద సంస్థను నెలకొల్పారు. గణితం, రసాయన శాస్త్రం, చరిత్ర, న్యాయశాస్త్రం, వైద్యం అన్నీ అక్కడ ఉర్దూలోకి వచ్చాయి. లేని పారిభాషిక పదాలను పండితులు కూర్చుని సృష్టించుకున్నారు. ఆ పాత పుస్తకాల పుటలను ఫోటోలు తీసిన ఫైళ్లతోనే మా అమ్మాయికి రోజూ పని. ఒక్కొక్క ఫైలు వందల ఎంబీలు ఉంటుంది. అందుచేత ఆమెకు నెట్ కాలక్షేపం కాదు, పనిముట్టు.

కంప్యూటరు మేడమీద గదిలో ఉంది. నెట్ తీగ వచ్చేది కింద హాలులోకి. మధ్యలో కాంక్రీటు శ్లాబు, రెండు గోడలు. వైఫై పైకి సరిగా అందదని, ఇల్లు కట్టినప్పుడే ఎలక్ట్రీషియన్ చేత హాలులోని రూటర్ నుంచి మెట్ల పక్కగా ఒక కేబుల్ లాగించి, గది గుమ్మం మూల నుంచి లోపలికి తీసుకున్నాం. వైరు ఉంటే ఇక చింత లేదనుకున్నాం. కొన్నేళ్లు చింత లేకుండానే గడిచింది కూడా.

తరువాత వింతగా మొదలైంది. పగలు బాగానే ఉండేది. ఇషా నమాజు ముగిసి, భోజనాలై, అమ్మాయి పనికి కూర్చున్న కొద్దిసేపటికి నెట్ పాకేది. వంద ఎంబీపీఎస్ అని డబ్బు కడుతున్న చోట రెండో మూడో చూపించేది. ఫైలు ఎక్కించడం మొదలుపెడితే సగంలో ఆగేది. ఆమె పగలు క్యాంపస్ లైబ్రరీకి వెళ్లి ఆ పని చేసుకుని, చీకటి పడ్డాక ఇల్లు చేరేది. మగ్రిబ్ దాటితే వాళ్లమ్మ గేటు దగ్గర నిలబడేది.

ఒక రాత్రి ఆమె తన పని గురించి గైడు ముందు, మరి ఇద్దరు పెద్దల ముందు ఆన్‌లైన్‌లో వివరించవలసి ఉంది. నెలల తరబడి సిద్ధమైంది. నాలుగో నిమిషంలో తెర బిగుసుకుపోయింది. మళ్లీ కలిసింది, మళ్లీ ఆగింది. వారు మంచివారు, మూడు వారాల తరువాత మరొక తేదీ ఇచ్చారు. అమ్మాయి కిందికి వచ్చి ఏమీ మాట్లాడకుండా తన ప్లేటు తీసుకుని వంటగదిలో కూర్చుంది. అన్నం ముట్టలేదు.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. రాత్రి తొమ్మిదింటికి హాలులో ఫోన్ పట్టుకుని స్నేహితులతో ఆట ఆడటం, గెలిస్తే అరవడం వాడి అలవాటు. అక్క నెట్ పోయేది తొమ్మిదింటికి, వీడు ఆట మొదలుపెట్టేదీ తొమ్మిదింటికి. ఇంకేం కావాలి? మొత్తం నెట్ వీడే లాగేస్తున్నాడని తీర్మానించాను. “అబ్బా, ఆటకు అంత నెట్ పట్టదు” అని వాడు చెప్పబోయాడు. నిజానికి ఆడేటప్పుడు అలాంటి ఆటలు వాడుకునే నెట్ చాలా స్వల్పం. కొత్త భాగాలు దించుకునేటప్పుడే బరువు. అది నాకు అప్పుడు తెలియదు, తెలుసుకోవాలని అనిపించనూ లేదు. ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. అక్క భవిష్యత్తు పాడుచేస్తున్నావని పది మంది ఉన్న చోట అన్నాను.

ఆ ఉదయమే నేను హుజురాత్ సూరా పారాయణం చేసి ఉన్నాను. దురనుమానం గురించిన ఆయతు అందులోనే ఉంది. చదివాను, ముస్హఫ్ మూసి పెట్టాను, అంతే.

ఫోన్ బీరువాలో ఉన్నా రాత్రి నెట్ పాకుతూనే ఉంది. దాన్నిబట్టి వాడు నిర్దోషి అని నాకు తోచాలి. నాకు తోచింది వేరు: వాళ్లమ్మ ఫోన్ వాడుతున్నాడేమో! నెట్ ఇచ్చే కంపెనీకి ఫోన్ చేసి కేకలేశాను. వాళ్ల కుర్రవాడు మధ్యాహ్నం వచ్చి, పైకెళ్లి చూసి, అంతా సరిగ్గానే ఉందన్నాడు. అవును, మధ్యాహ్నం సరిగ్గానే ఉంటుంది. “మీ కంప్యూటరు పాతదై ఉంటుంది సార్” అని వెళ్లిపోయాడు. నేను వంద ఎంబీపీఎస్ ప్లాన్ తీసేసి రెండు వందలది పెట్టించాను. నెలకు రెండు వందల యాభై రూపాయలు అదనం. పైన గదిలో ఇసుమంత మార్పు లేదు.

పన్నెండు రోజుల తరువాత, ఆదివారం నాడు, మా ఆవిడ చెల్లెలి కొడుకు వచ్చాడు. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతూ క్యాంపస్ హాస్టల్లో ఉంటాడు. సెలవు రోజున ఖాలా చేతి బిర్యానీకి వస్తుంటాడు. విషయం విని నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

“ఖాలూజాన్, ఇల్లంతా నెమ్మదిస్తోందా, ఆ ఒక్క కంప్యూటరేనా?”

నా దగ్గర జవాబు లేదు. రెండు నెలలుగా అందరినీ అనుమానించిన నేను ఆ తేడా గమనించనే లేదు. మా ఆవిడ వంటింట్లోంచి చెప్పింది: “రాత్రి పూట నా ఫోన్‌లో వీడియోలు బాగానే వస్తాయి బేటా.”

అతడు రూటర్ పక్కన నిలబడి తన ఫోన్‌లో వేగం కొలిచాడు. నూట ఎనభైకి పైగా చూపింది. అంటే వీధిలోంచి వచ్చే తీగ, కంపెనీ, రూటర్ మూడూ బాగున్నాయి. తప్పు ఉంటే రూటర్ వెనుక రంధ్రం నుంచి మేడమీది కంప్యూటరు వరకు ఉన్న దారిలోనే ఉండాలి. ఒక్క నిమిషంలో ఇంతమంది నిర్దోషులయ్యారు. మా అబ్బాయి కూడా.

ఆ దారిలో ఉన్నవి మూడే: రూటర్ మీది పోర్టు, కేబుల్, కంప్యూటరు. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలన్నాడు మా వాడు. రెండు కలిపి మారిస్తే బాగుపడ్డా దేనివల్ల బాగుపడిందో తెలియదు. మొదట కంప్యూటరులో టాస్క్ మేనేజర్ తెరిచి, ఏ ప్రోగ్రామ్ నెట్ వాడుతోందో చూశాడు. విండోస్ తనకు తాను అప్‌డేట్లు దించుకుంటూ ఉండవచ్చు, ఫోటోలను దాచే ప్రోగ్రామ్ ఏదో వెనుక చాటున అన్నీ ఎక్కిస్తూ ఉండవచ్చు. చాలా ఇళ్లలో దొంగ అక్కడే దొరుకుతుందట. మా ఇంట్లో దొరకలేదు. తరువాత సీపీయూను కిందికి మోసుకొచ్చి, రూటర్ పక్కనే పెట్టి, తన సంచిలోని రెండు మూరల చిన్న కేబుల్‌తో కలిపాడు. నూట తొంభై వచ్చింది. పాతదని నింద మోసిన కంప్యూటరు కూడా నిర్దోషి. అది గనుక ముందే చేసి ఉంటే ఆ కంపెనీ కుర్రవాడికి, నాకు మధ్య జరిగిన మాటలు జరిగేవి కావు. పాఠకులెవరికైనా ఇదే చిక్కు వస్తే కొత్త కంప్యూటరు కోసం డబ్బు లెక్కపెట్టే ముందు ఈ ఒక్క పని చేయవలసిందిగా మనవి.

సీపీయూ మళ్లీ పైకి వెళ్లింది. విండోస్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ అనే చోట ఈథర్‌నెట్ నొక్కితే లింక్ స్పీడ్ అని ఒక వరుస ఉంటుంది. కంప్యూటరుకూ రూటర్‌కూ మధ్య తీగ ఏ వేగానికి ఒప్పందం కుదిరిందో అది చెబుతుంది. కింద చిన్న కేబుల్‌తో అది వెయ్యి చూపింది. పైన పాత కేబుల్‌తో వంద చూపింది. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి.

ఈ కేబుల్ తొక్క లోపల ఎనిమిది సన్నని తీగలు ఉంటాయి. రెండేసి తీగలు మెలివేసుకుని నాలుగు జతలుగా ఉంటాయి. వంద ఎంబీపీఎస్ వేగానికి రెండు జతలు చాలు. జాక్‌లో ఒకటి, రెండు, మూడు, ఆరు స్థానాల్లో ఉండేవి అవే. వెయ్యి కావాలంటే నాలుగు జతలూ పని చేయాలి. మిగిలిన రెండు జతల్లో ఒక్క తీగ తెగినా, రెండు వైపుల యంత్రాలు మాట్లాడుకుని సాధారణంగా వందకు దిగిపోతాయి. ఏ హెచ్చరికా రాదు, నెట్ పని చేస్తూనే ఉంటుంది. మా కేబుల్‌లో జరిగింది అదే. పాత ప్లాన్ వందే గనుక ఎన్నాళ్ల నుంచి అలా ఉందో మాకు తెలియలేదు. రెండు వందల ప్లాన్ పెట్టించి నేను అదనంగా కట్టిన సొమ్ములో ఒక్క రూపాయి విలువ కూడా ఆ గదికి చేరే మార్గం లేదన్నమాట. (కొన్ని చవక రూటర్లకు పోర్టులే వంద దాటవు. అలాంటి చోట కేబుల్‌ను తిట్టి లాభం లేదు.)

ఇంకొక సంగతి. కంపెనీ చెప్పే వేగం బిట్లలో ఉంటుంది, ఫైలు పరిమాణం బైట్లలో ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. వంద ఎంబీపీఎస్ అంటే సెకనుకు పన్నెండున్నర ఎంబీలు. ఇది తెలియక మోసపోయామనుకునేవారు చాలామంది ఉన్నారు.

వంద సరే, రాత్రిపూట రెండు, మూడు ఎందుకు? మా వాడు కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లని కిటికీ తెరిచి పింగ్ అనే ఆజ్ఞ ఇచ్చాడు. దాని పక్కన రూటర్ చిరునామా, మా ఇంట్లో అది 192.168.1.1, ఆ తరువాత ఖాళీ వదిలి అడ్డగీత, టీ అక్షరం. రూటర్ చిరునామా తరచు దాని అడుగున అంటించిన చీటీ మీదే ఉంటుంది. పింగ్ అంటే తలుపు తట్టి ‘ఉన్నావా’ అని అడగడం వంటిది. కంప్యూటరు సెకనుకు ఒకసారి అడుగుతుంది, రూటర్ ‘ఉన్నాను’ అంటుంది. ఒకే ఇంట్లో, వైరు మీద, జవాబు సెకనులో వెయ్యో వంతు లోపల రావాలి. ఒక్కటీ తప్పిపోకూడదు. మేము చూస్తుండగా వంద సార్లు అడిగింది, వంద సార్లూ జవాబు వచ్చింది. అంతా సవ్యంగా ఉంది. సమయం మధ్యాహ్నం పన్నెండున్నర.

మా వాడు తల గోక్కున్నాడు. ఆ పిల్లవాడి ముఖం చూసి నాకు కూడా ఆశ సన్నగిల్లింది. అప్పుడు మా ఆవిడ చాయ్ ట్రేతో గుమ్మంలోకి వచ్చి, “రాత్రిళ్లు అది తలుపు వేసుకుని కదా కూర్చుంటుంది” అంది.

లేచి తలుపు వేశాను. నల్లని కిటికీలో వరుసలు ఆగిపోయాయి. ‘రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్’ అని ఒకటి, ఒక జవాబు, మళ్లీ అదే మాట. వంద సార్లు అడిగితే పదిహేడు జవాబులు రాలేదు. తలుపు తీశాను, వరుసలు మళ్లీ పరుగెత్తాయి. వేశాను, ఆగాయి. పిల్లలిద్దరూ, ఆవిడా, నేనూ ఆ తలుపును ఎన్నిసార్లు వేసి తీశామో లెక్కలేదు. గుమ్మం మూలన, కింది బందు దగ్గర, కేబుల్ తలుపు చెక్కకూ చట్రానికీ మధ్య నలిగి తాటాకులా చదునైపోయి ఉంది. ఇన్నేళ్లుగా రోజుకు ఎన్నిసార్లు నలిగిందో! లోపల ఒక తీగ పూర్తిగా తెగింది, మరొకటి తలుపు పడినప్పుడల్లా అంటీ అంటనట్లు ఊగుతోంది.

అమ్మాయి తలుపు ఎందుకు వేసుకునేది? కింద తమ్ముడి ఆట అరుపులు వినపడకుండా. నేను కనిపెట్టిన తొమ్మిది గంటల సంబంధం నిజమే, కాని నేననుకున్న దారిన కాదు.

వందలో పదిహేడు పోతే వేగం పదిహేడు వంతులు తగ్గాలి గదా, వంద నుంచి మూడుకు ఎందుకు పడిపోయిందని నేను అడిగాను. దానికి మా వాడు చెప్పినది నాకు చాలా నచ్చింది. 1986 అక్టోబరులో అమెరికాలో, బర్క్‌లీ విశ్వవిద్యాలయ క్యాంపస్‌కూ దాని పక్కనే ఉన్న లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ మధ్య నెట్ కుప్పకూలింది. రెంటికీ దూరం నాలుగు వందల గజాలు. మా ఇంటినుంచి క్యాంపస్ అంత కూడా ఉండదు. సెకనుకు ముప్పై రెండు వేల బిట్లు పోయే దారిలో నలభై బిట్లు పోసాగాయి. దారి ఇరుకైనప్పుడు కొన్ని మూటలు పోతాయి, పోయినవాటిని అందరూ మళ్లీ మళ్లీ పంపుతారు, దాంతో దారి మరీ ఇరుకవుతుంది. వాన్ జేకబ్‌సన్ అనే ఆయన దీన్ని పరిశీలించి 1988లో ఒక పత్రం రాశారు. మూట పోయిందంటే దారిలో రద్దీ ఉందని అర్థం చేసుకుని, పంపేవాడు వెంటనే వేగం బాగా తగ్గించి, తరువాత మెల్లమెల్లగా పెంచుకోవాలని అందులో ఉంది. ఆ మర్యాద అప్పటినుంచి నెట్‌కు అలవాటైంది, కోట్లమంది ఒకే దారిన నడవగలుగుతున్నారు.

మా ఇంట్లో మూటలు పోయినది రద్దీ వల్ల కాదు, తలుపు వల్ల. అది కంప్యూటరుకు తెలిసే వీలు లేదు. ఎవరో ఇబ్బంది పడుతున్నారనుకుని అది తనకు తానే తగ్గింది. కాస్త పుంజుకునేలోగా ఇంకొక మూట పోయింది, మళ్లీ తగ్గింది. రాత్రంతా అలా తగ్గుతూనే ఉండేది.

మరునాడు సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొత్త కేబుల్ తెచ్చాం. అచ్చమైన రాగిది అడిగి తీసుకోవాలి. అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసినవి చవకగా అమ్ముతారు, అవి వంచితే త్వరగా విరుగుతాయి. ఈసారి గుమ్మం జోలికి పోకుండా, గోడకు పైన రంధ్రం వేయించి గొట్టంలో తీసుకున్నాం. జాక్ బిగించే పని మా అబ్బాయి చేశాడు. వాళ్ల అన్న పక్కన కూర్చుని రంగుల వరుస చెబుతుంటే, తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అని వాడు పైకి అనుకుంటూ పేర్చి, క్రింపింగ్ పనిముట్టుతో నొక్కాడు. మొదటి జాక్ చెడిపోయింది, రెండవది కుదిరింది. తలుపు వేసి చూస్తే లింక్ వెయ్యి, పోయినవి సున్నా. పదిలంగా ఉండనీ అని నేను సెట్టింగుల్లో వేగం నేనే స్థిరం చేయబోతే పిల్లలిద్దరూ వారించారు. ఒక వైపు మనం స్థిరం చేసి, రెండవ వైపు ఆటోలో వదిలితే ఇద్దరూ వేర్వేరు పద్ధతుల్లో మాట్లాడుకుని నెట్ మళ్లీ పాకవచ్చునట. ఆటోలోనే ఉంచాం.

ఆ రాత్రి బీరువా తాళం తీసి ఫోన్ వాడి చేతిలో పెట్టాను. వాడు మౌనంగా తీసుకున్నాడు. వాడు వెళ్లాక అమ్మాయి చెప్పింది. ఆ పన్నెండు రోజుల్లో ప్రాక్టికల్ రికార్డులు ఇవ్వవలసిన తేదీ ముందుకు జరిగిందట. ఆ సంగతి క్లాసు గ్రూపులో మాత్రమే వచ్చిందట. వీడికి తెలియక రికార్డు లేకుండా వెళ్లి, గంటసేపు క్లాసు బయట నిలబడ్డాడట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. “చెబితే అబ్బా నమ్మరు బాజీ” అన్నాడట.

ఫజ్ర్ తరువాత వాణ్ణి నాతో నడకకు రమ్మన్నాను. తార్నాక వైపు నుంచి క్యాంపస్‌లోకి వెళ్లి, ఠాగూర్ ఆడిటోరియం మీదుగా ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచాం. 1939లో ప్రారంభమైన ఆ గులాబీ రంగు భవనం మీద అప్పుడే వెలుగు పడుతోంది. మెట్ల మీద కూర్చున్నాం. వాడి వయసులో నన్ను మా అబ్బా ఎన్నడూ క్షమాపణ అడగలేదు, అడగడం ఎలా ఉంటుందో నేను చూడలేదు. అందుకే నేర్పుగా చెప్పలేకపోయాను. నీ మీద తప్పు మోపాను, పది మందిలో మోపాను, నన్ను మన్నించు అన్నాను. వాడు చాలాసేపు చెప్పుల వైపు చూశాడు. “పది మందిలో అన్నారు కదా అబ్బా” అన్నాడు. ఆ మాట నాకు అర్థమైంది. ఆ శుక్రవారం మళ్లీ బంధువులంతా మా ఇంట్లో భోజనానికి చేరినప్పుడు, ఎవరి ముందు అన్నానో వారి ముందే జరిగినదంతా చెప్పాను. కంపెనీ కుర్రవాడికి కూడా ఫోన్ చేశాను. నేనెవరో గుర్తుపట్టడానికి అతడికి కొంత సమయం పట్టింది, మా వంటివారు రోజుకు ఎందరో!

అమ్మాయి రెండవసారి నలభై నిమిషాలు మాట్లాడింది. తలుపు వేసుకునే మాట్లాడింది. కింద తమ్ముడు ఆ రాత్రి ఆట మానేసి మెట్ల మొదట్లో కాపలా కూర్చున్నాడు. ఎవరూ అడగకుండానే.

ప్లాన్ మళ్లీ వందకు మార్పించాను, ఇంటికి అది చాలు. నెలకు మిగిలే రెండు వందల యాభై ఎవరికి చెందాలన్న వివాదం మాత్రం ఇంకా తేలలేదు. జాక్ బిగించినవాణ్ణి నేనని అబ్బాయి, తలుపు సంగతి చెప్పినదాన్ని నేనని వాళ్లమ్మ.